లవాన్ పైకి చెప్పని విన్నపం

ఆ బుధవారం పొద్దున లవాన్ టీగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పది గంటలకల్లా బల్ల దగ్గర కూర్చోవాలి, మధ్యాహ్నం లోపు ఆసా రిడ్లీ చేత ప్రార్థన చేయించాలి. ఆసా ఆమె రాస్తున్న నవలలో కథానాయకుడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో నది మీద పడవ నడిపేవాడు. భార్యాబిడ్డలు విషజ్వరంతో పోయాక దేవుడి ఊసెత్తడం మానేశాడు. ఇప్పుడు రైలు వంతెన తగలబెట్టిన ఒక సైనికుణ్ని దాచిపెట్టి, మాంసం పొగబెట్టి నిలవచేసే ఎవరిదో పొగగదిలో, వేలాడుతున్న పంది తొడల కింద, తొడలో తూటా దిగిన ఆ మనిషి పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. బయట గుర్రాల చప్పుడు. ముప్పై ఒకటో అధ్యాయం. అతను నోరు తెరిచి ప్రార్థిస్తే పుస్తకం అయిపోయినట్టే. పాపం, ఐదు వారాలుగా అలాగే ఉన్నాడు.

లవాన్‌కు ఇది పదిహేనో నవల. ప్రతి నవలలోనూ ఒక హత్యో కుట్రో ఉంటుంది, ఒక అవిశ్వాసి ఉంటాడు, ఆఖర్న వాడి మోకాళ్లు వంగుతాయి. ప్రచురణ సంస్థ వాళ్ల నియమాల కాగితంలోనే ఉంది ఆ సంగతి: తాగుడు వద్దు, బూతు వద్దు, ముద్దు చివరి పేజీలో ఒకటి, విశ్వాసం మాత్రం పాఠకుడి కళ్లముందే కలగాలి. పద్నాలుగుసార్లు కలిగించింది. ముందు ఆ ప్రార్థన తనే చేసేది, లేచి వచ్చి టైపు చేసేది. భర్త హోయ్ట్ పోయి పదమూడు నెలలైంది. అప్పటినుంచి ఆమె ప్రార్థించలేకపోతోంది. కళ్లు మూసుకుంటే గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ మాట ఎవరితోనైనా అనాలంటే ఆమెకు భయం.

ఫోను మోగింది. ప్రచురణ సంస్థలో ఆమె పుస్తకాలు చూసే కెండ్రా.

"మిస్ లవాన్, ఆసా లేచాడా?"

"లేవలేదమ్మా."

"ప్రార్థనైనా మొదలుపెట్టాడా?"

"గొంతు సవరించుకుంటున్నాడు."

"సోమవారం దాకా ఆపగలనండీ. ఆ తర్వాత నా చేతుల్లో లేదు. జాబితాలోంచి తీసేస్తారు. లేకపోతే ఆ ఒక్క అధ్యాయం ఇంకెవరి చేతనైనా రాయిద్దామంటున్నారు."

"ఆసా ప్రార్థన ఇంకెవరో చేస్తారా?"

"మీ పేరు మీదే వస్తుంది లెండి," అంది కెండ్రా ఓదార్పుగా.

ఆ ఓదార్పు లవాన్‌కు రోజంతా మింగుడుపడలేదు. టెన్నెస్సీ కొండల మీద నవంబరు వాన పడుతూనే ఉంది. సాయంత్రం దాకా కూర్చుని ఆమె నాలుగు వాక్యాలు రాసింది, ఐదు కొట్టేసింది.

ఏడు గంటలకు చర్చిలో బుధవారం ప్రార్థన కూటం. పైనీ ఫోర్క్ బాప్టిస్టు సంఘం కింది హాల్లో ఇనప కుర్చీలు వేసుకుని నలభైమంది కూర్చున్నారు. పాస్టరు బ్రదర్ గార్లాండ్ ఒక్కొక్కరి విన్నపం నల్లబల్ల మీద రాశాడు. ఒకరి మోకాలు, ఒకరి మనవడు, ఒకరి ఆవు. తర్వాత ఎప్పటిలాగే, "పైకి చెప్పని విన్నపాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. బయటికి చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్లు అప్పుడు చెయ్యెత్తుతారు. అదేమిటని ఎవరూ అడగకూడదు, అది అక్కడి మర్యాద. అడగకూడదు కాబట్టి ఎవరికి వాళ్లు కనుక్కోవాల్సి వచ్చేది.

లవాన్ చెయ్యి లేచింది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ లేవని చెయ్యి. ఎందుకెత్తిందో ఆమెకే తెలియదు. ముందు వరుసలోని వెర్లీన్ స్టూక్స్‌బరీ కుర్చీతో సహా వెనక్కి తిరిగి చూసింది.

వెర్లీన్ ప్రార్థన గొలుసుకు పెద్ద. అంటే పదకొండుమంది ఆడవాళ్లు, పదకొండు ఫోన్లు. విన్నపం ఏదైనా వస్తే ఒకరినుంచి ఒకరికి గంటలో చేరిపోవాలి. ఉన్నమాట తప్ప ఒక్క ముక్క కలపకూడదని కట్టుదిట్టమైన నియమం. నిజం చెప్పాలంటే వాళ్లు ఏమీ కలపలేదు. తాము కళ్లారా చూసింది మాత్రం బాధపడుతూ జోడించారు.

లవాన్ బాగా చిక్కిపోయిందని వెర్లీన్ అంది. ఒంటరి ఇంట్లో వండుకోబుద్ధి కాక చిక్కిపోయిన మాట నిజమే. నాక్స్‌విల్ ఆసుపత్రిలో సర్జనుతో అరగంట మాట్లాడి పాలిపోయిన ముఖంతో బయటికి రావడం చూశానని గొలుసులోని జువానెల్ అంది. అదీ నిజమే. తొడలో తూటా దిగిన మనిషి ఎన్ని గంటలు బతుకుతాడో కనుక్కోవడానికి వెళ్లింది లవాన్. అది విన్నాక, శవపేటికలమ్మే ఆయన భార్య ఓపలీన్‌కు ఏడుపాగలేదు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి దేవదారు పెట్టె ఎంత పొడవుండాలని లవాన్ కిందటి నెలలోనే వచ్చి అడిగిందట. లవాన్ ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. నవలలో ఎవరిని చంపినా ఆమె తన కొలతలే వాడుతుంది, లెక్క తప్పదని.

గొలుసు లెక్కన గురువారం మధ్యాహ్నానికి లవాన్‌కు ఇంకా కొన్ని నెలలున్నాయి. సాయంత్రమయ్యేసరికి ఆ నెలాఖర్న వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ దాటదని తేలిపోయింది.

ముందుగా వెర్లీనే వచ్చింది, ఓవెన్‌లో వండిన గుమ్మడికాయ క్యాసరోలు గిన్నె పట్టుకుని. వెనకాల ఇంకో ముగ్గురు, చేతుల్లో కోడికూర గిన్నెలు, మొక్కజొన్న రొట్టె, ఆకుపచ్చ జెల్లీ. ఆ ఊళ్లో ఇన్ని గిన్నెలు ఒకేసారి గడప దాటాయంటే ఆ ఇంట్లో శవమైనా ఉండాలి, కాబోయే శవమైనా ఉండాలి. లవాన్‌కు సంగతి అర్థమైంది.

"నాకే జబ్బూ లేదు వెర్లీన్."

"లేదు తల్లీ, లేదు." వెర్లీన్ ఆమె చెయ్యి నిమిరింది. "హోయ్ట్ కూడా అలాగే అనేవాడు."

అది అబద్ధమైతే బాగుండేది. ఆఖరి వారం దాకా అతను అదే మాటన్నాడు, ఆమె నమ్మింది. లవాన్ తల దించుకుంది, నలుగురూ దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు.

"నా బాధ పుస్తకం గురించి," అంది తేరుకుని. "చివరి అధ్యాయం రావడం లేదు, అంతే."

"మేమూ అదే అడుగుతున్నాం దేవుణ్ని. పుస్తకం ముగిసేదాకా ఉంచమని."

"ఎవర్ని ఉంచమని?"

వెర్లీన్ ఫ్రిజ్‌లోంచి పాత గిన్నె ఒకటి తీసి కొత్తది సర్దింది. "కోప్పడకు గానీ, చివరి రోజున ఏ గౌను తొడగాలో రాసిపెట్టావా? ఆ నీలంది నీకు బాగా నప్పుతుంది. తర్వాత మాలో మేం కొట్టుకోకూడదు కదా, అందుకని అడుగుతున్నా."

"ఆ నీలంది బిగుతైపోయింది."

"ఇప్పుడు సరిపోతుంది లే," అంది వెర్లీన్ జాలిగా.

శుక్రవారం పొద్దున్నుంచి తలుపు తట్టడం ఆగలేదు. మందులషాపాయన భార్య వచ్చి, నల్లమందు ఎన్ని చుక్కలు వేస్తే మనిషి మళ్లీ లేవడని తన భర్తను అడిగినందుకు క్షమిస్తున్నామనీ, అలాంటి ఆలోచన ఏ బలహీన ఘడియలోనైనా వస్తుందనీ, ఇక మీదట రాకుండా చూసుకోమనీ చెప్పి వెళ్లింది. అది నవలలో దుర్మార్గుడి ఆలోచనని లవాన్ అంటే, మన అందరిలోనూ వాడుంటాడని ఆమె ఒప్పుకుంది. చర్చిలో పియానో వాయించే నడీన్ వచ్చి, ఆ రోజు ఏ పాటలు వాయించాలో ముందే చెబితే సాధన చేసుకుంటానంది. మధ్యాహ్నానికి లవాన్ ఒక్క అక్షరం రాయలేదు. బల్ల మీద జెల్లీ, కుర్చీలో ఎవరెవరో తెచ్చిన దుప్పట్లు, పొగగదిలో ఆసా. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. వెనక తలుపులోంచి జారుకుని, ఎవరూ రాని చోటని హోయ్ట్ సమాధి దగ్గరికి వెళ్లింది.

అక్కడ ఇద్దరు డీకన్లున్నారు, సంఘపెద్దలు. ఆ ఊరి పద్ధతి ప్రకారం భార్యాభర్తలకు ఒకే రాయి. ఎడమ పక్క హోయ్ట్ పేరు, రెండు తేదీలు. కుడి పక్క లవాన్ పేరు, పుట్టిన తేదీ, ఒక గీత, గీత తర్వాత ఖాళీ. డ్యూయీ గడ్డి పీకుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ల ఆర్లిస్ పకెట్ తడి నేల మీద గోనె పరుచుకుని, కుడి పక్కను ఇనప బ్రష్షుతో తోముతున్నాడు. ఆమెను చూసి ఇద్దరూ టోపీలు తీశారు.

"ఊరికే, సిస్టర్ లవాన్," అన్నాడు ఆర్లిస్. "నాచు పట్టిందని."

"నా వైపే పట్టిందా?"

ఆర్లిస్ రాయి వంక చూశాడు. "హోయ్ట్ వైపు పోయిన నెల తోమాను."

డ్యూయీకి మౌనం చేతకాదు. "తేదీ చెక్కే మనిషి డిసెంబరంతా ఊళ్లో ఉండడట. ఈలోపైతే మంచిదంటున్నాడు. నిన్ను తొందరపెట్టడం కాదనుకో."

"చూస్తాను డ్యూయీ," అంది లవాన్, ఇంకేమనాలో తోచక. ఆ ఖాళీ జాగా వంక చూస్తూ కాసేపు నిలబడింది. అందులో తేదీ పడితే ఇక సోమవారాలుండవు, ఆసా ఉండడు, అంత హాయి ఇంకోటి ఉండదనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే భయమేసి గబగబా ఇంటిదారి పట్టింది.

శనివారం గాయక బృందం వరండాలో నిలబడి నాలుగు పాటలు పాడింది. వాళ్లు వెళ్లాక లవాన్ పళ్లు బిగించి కూర్చుంది. పద్నాలుగు చేసినదానికి పదిహేనోది ఒక లెక్కా అనుకుని, "ప్రభువా" అని టైపు చేసింది. ఆ ఒక్క మాట ముందు రెండు గంటలు గడిచాయి. ఆసా నోట ఏ మాట పెట్టినా అది తన అబద్ధమే అవుతుంది. రేపెప్పుడో ఎవరో విధవరాలు అది చదివి నిజమని ఊరట పొందుతుంది. లవాన్ అది కూడా కొట్టేసింది.

అప్పుడే బ్రదర్ గార్లాండ్ వచ్చాడు, తడిసిన టోపీ చేత్తో తిప్పుకుంటూ. ఆదివారం ఆరాధనలో ఆమెను ముందుకు పిలిచి, నూనె రాసి స్వస్థత కోసం ప్రార్థిస్తామన్నాడు. పక్క రెండు సంఘాలవాళ్లూ వస్తున్నారట. లవాన్ వెంటనే ఒప్పుకుంది. అందరూ ఒకేచోట ఉంటారు, లేచి నిలబడి నిజం ఒక్కసారే చెప్పేస్తే పీడ విరగడవుతుంది. పాస్టరు కళ్లు చెమర్చాయి.

ఆదివారం చర్చిలో నిలబడే చోటు లేదు. ఆలివ్ నూనె నిండుకుందట, వంటగదిలో చేపలు వేయించిన నూనె చిన్న సీసాలో పోసి తెచ్చారు. సీసా పట్టుకోవడం ఆర్లిస్ పని. పాస్టరు బొటనవేలితో నుదుట రాసేసరికి మొన్నటి విందులోని వాలుగ చేప వాసన గుప్పుమంది. పన్నెండు చేతులు ఆమె తల మీదా భుజాల మీదా పడ్డాయి. ప్రార్థన పావుగంట సాగింది. లవాన్ ఓపిక పట్టి, ఆమేన్ అనగానే మైకు అందుకుంది.

"నాకే జబ్బూ లేదు," అంది గట్టిగా. "నేను బాగానే ఉన్నాను."

వెర్లీన్ రెండు చేతులూ పైకెత్తి కెవ్వుమంది. ఎవరో స్తోత్రమన్నారు, వెనక వరుస లేచింది, పాస్టరు గోడకు చేరబడి ఏడ్చేశాడు. లవాన్ అసలు మాట ఇంకా మిగిలే ఉంది. "అది కాదు. పదమూడు నెలలుగా నేను ప్రార్థించలేకపోతున్నాను. నాకు ఎవరూ వినిపించడం లేదు," అని అంటూనే ఉంది. కానీ రెండు క్షణాల ఖాళీ దొరికితే చాలు నడీన్ పియానో వాయిస్తుంది. ఆ గోలలో మైకు తీగ కూడా ఊడిపోయింది.

జబ్బు నయమైందో లేదో సోమవారం డాక్టరును అడుగుదామనుకున్నారు. వెర్లీన్ ఆగలేక ఆదివారం మధ్యాహ్నమే ఫోను చేసింది. లవాన్‌కు అసలు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ లేదు అన్నాడాయన విసుగ్గా. జబ్బు ఆనవాలు కూడా మిగల్లేదని డాక్టరే తేల్చి చెప్పాడని గంటలో పదకొండు ఇళ్లకూ చేరింది. బుధవారం కూటంలో లేచి ఈ అద్భుతానికి సాక్ష్యం చెప్పాలన్నారు, తర్వాత కొండ అవతలి సంఘంలో కూడా. ఊళ్లో విశ్వాసం అంతగా బలపడిన రోజు ఈ మధ్య లేదు. దానికి రుజువు లవాన్ టీగ్. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, నుదుటి నూనె సబ్బుతో కడుక్కుంటుంటే, హోయ్ట్ పోయిన రోజు కూడా తను ఇంత ఒంటరిగా లేననిపించింది ఆమెకు.

నాలుగింటికి ఆర్లిస్ వచ్చాడు. లోపలికి రానని వరండాలోనే కూర్చున్నాడు. లవాన్ మర్యాద కోసం, ఎవరో ఇచ్చిన పీచ్ పళ్ల కాబ్లర్ అనే తీపి వంటకం ఒక ముక్క కోసి పెట్టింది. సగం తిన్నాక అన్నాడు: "రెండో మాట నాకు వినపడింది."

డీకను చెవిన పడ్డమాట పాస్టరు దాకా పోతుంది. "ఎవరితో చెప్పారు బ్రదర్ ఆర్లిస్?"

"ఎవరితో చెబుతానమ్మా. నాకిది తొమ్మిదో ఏడు."

తొమ్మిదేళ్ల కిందట ఆయన భార్య ఇనా పోయింది. లవాన్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వాన వంక చూస్తున్నాడు.

"మరి ప్రతి ఆదివారం కానుకలు పట్టే ముందు ప్రార్థించేది మీరే కదా?"

"నేనే. మాటలు కంఠతా వచ్చు. సాయంత్రం కొట్టానికొచ్చే ఆవుల్లా వాటి దారిన అవి వచ్చేస్తాయి."

"మధ్యలో కళ్లు మూసుకుని చాలాసేపు ఆగుతారు. ఆ మౌనానికి వెర్లీన్ ప్రతిసారీ ఏడుస్తుంది."

"అప్పుడు ఇనా పక్కన ఉన్నట్టు అనిపిస్తుందేమోనని చూస్తాను. అనిపించదు. ఆమేన్ అంటాను."

లవాన్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇంకెందుకండీ వస్తున్నారు?"

ఆయన చెంచా గిన్నెలో పెట్టి ఆలోచించాడు. ఈ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని తెలుస్తూనే ఉంది. "ఎవరూ వినడం లేదనే అనుకుంటాను, చాలావరకు. కానీ ఒకవేళ ఆయన ఎప్పుడైనా వచ్చి చూస్తే, నా చోటు ఖాళీగా కనపడకూడదు. అంతకన్నా నా దగ్గర ఏమీ లేదమ్మా."

హోయ్ట్ అంత్యక్రియల రోజు కూడా ఏడవని లవాన్ అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి, ముక్కు చీదుకుంటూ. ఆర్లిస్ ఓదార్చలేదు, భుజం తట్టలేదు, బైబిలు వాక్యం ఒక్కటి కూడా చెప్పలేదు. ఆమె ఆగేదాకా కూర్చుని మిగతా సగం తినేశాడు. లేస్తూ, "ఇది జువానెల్‌దేనా? ఉప్పు పడింది," అన్నాడు.

ఆయన వెళ్లగానే లవాన్ బల్ల దగ్గరికి వెళ్లింది. పొగగది యజమానిగా ఒక ముసలి సంఘపెద్దను పుట్టించింది. ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి ఆసా పక్కన పెట్టి, తన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, తలుపు చేరవేసి వెళ్లిపోతాడు. గుర్రాలు దగ్గరికొస్తాయి. ఆసా ప్రార్థించడు. లేవనూ లేవడు. దెబ్బతిన్నవాడి చెయ్యి పట్టుకుని, తన చోట తను ఉండిపోతాడు, గుర్రాలు దాటిపోయేదాకా, తెల్లారేదాకా. సోమవారం పదకొండింటికి పంపించేసింది. తిప్పి పంపుతారనే అనుకుంది. అయినా ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

బుధవారం పొద్దున కెండ్రా ఫోను చేసింది.

"ఏడ్చానండీ మిస్ లవాన్. ఆఫీసులో అందరం ఏడ్చాం. అచ్చుకు వెళ్లిపోతోంది."

"ఆసా ప్రార్థించలేదని ఎవరూ అనలేదా?"

"మోకాళ్ల మీదే ఉన్నాడు కదా, అది చాలన్నారు. చిన్న మార్పు ఒక్కటే చేస్తున్నాం. ఆ ముసలాయన ఉన్నాడే, ఆయన్ని సంఘపెద్ద అని రాశారు. అలాంటి మాటలనే మనిషి సంఘపెద్దగా ఉంటాడంటే పాఠకులు నమ్మరు. అందుకని చర్చి గడప తొక్కని మనిషిగా మార్చేద్దామని."

"అలాంటివాళ్లు ఉంటారమ్మా."

"ఉండొచ్చండీ. కానీ నమ్మశక్యంగా ఉండాలి కదా."

ముందు ఆయన్ని అడగాలని చెప్పి లవాన్ ఫోను పెట్టేసింది. ఆ 'ఆయన' ఎవరో కెండ్రాకు అర్థం కాలేదు. లవాన్ ఆర్లిస్ ఇంటికి చేసింది.

"బ్రదర్ ఆర్లిస్, మిమ్మల్ని పుస్తకంలో పెట్టాను. పేరు పెట్టలేదు లెండి. వాళ్లేమో మిమ్మల్ని చర్చి మానిపించేస్తామంటున్నారు."

"నేను నమ్మేలా లేనటా?"

"లేరట."

"సరే," అన్నాడు ఆర్లిస్. "మరి ఈ సాయంత్రం కూటానికి నా బదులు చర్చి తలుపులు తీసేందుకు నమ్మేలా ఉన్న మనిషినొకణ్ని పంపమను."